ఒగ్గుకథాప్రదర్శనము: అనువృత్తివిచారము

లిఖితకావ్యమును పరీక్షించువానికి గ్రంథపాఠమే ఆధారము. పాఠభేదములున్నచో ప్రతులను పోల్చి నిర్ణయింపవచ్చును. ఒగ్గుకథకట్టి స్థిరపాఠము లేదు. నేడు పాడినది రేపట్లే పాడబడదు. కథాసూత్రమొక్కటియే నిలుచును; తక్కినదెల్ల ఎదుటి జనమును చూచి, డోలుదరువును అనుసరించి, అప్పటికప్పుడు పుట్టును. కావున నిది విమర్శకు లొంగదని తలచుట కలదు. ఆ తలంపు యుక్తము గాదు.

ఒగ్గనగా శివుని డమరువును పోలిన చిన్నవాద్యము. దానిపేరనే ఈ కథకు ఒగ్గుకథయని వ్యవహారము. ప్రధానకథకుడు కథ నడుపును, వంతపాడువాడు ఊతమిచ్చును, డోలు, తాళములు తోడగును. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు వీరికి ప్రధానములు. ఈ సంప్రదాయమునకు జనగామసీమ పేరుగన్నది. దేశికవితను ఆదరించిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన బమ్మెరయు ఈ సీమలోనివే. సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు మొదలగు జనగేయములను పేర్కొనియుండుటచే, పండితుడు జానపదగానమును చెవియొగ్గి వినుట ఈ నేలకు క్రొత్తగాదు.

ఈ ప్రదర్శనమునకు తగిన కొలత వ్యాకరణశాస్త్రముననే దొరకును. యణ్సంధిసూత్రములోని 'అచి' యను పదము తరువాతి అయవాయావసూత్రమున మరల పఠింపబడకయే అర్థమిచ్చును. ఇదియే అనువృత్తి. ఇది గంగాస్రోతస్సువలె తెగక పాఱవచ్చును. మండూకప్లుతిగా నడుమనున్నవానిని దాటవచ్చును. సింహావలోకనముగా వెనుదిరిగి చూడవచ్చును. ఒగ్గుకథలో డోలుదరువు గంగాస్రోతస్సు. కథకుడు మల్లన్నకును గొల్ల కేతమ్మకును జరుగు వివాహమును చెప్పుచు, ఆ యూరి పెండ్లితంతులకు దుమికి, పరిహాసమాడి, మరల కథకు వచ్చుట మండూకప్లుతి. వంతవాడు "అటుపిమ్మట?" అనునట్లు ప్రశ్నించి పూర్వకథను జ్ఞప్తికి దెచ్చుట సింహావలోకనము. దుముకుట దోషము గాదు. దుమికి తిరిగిరాకుండుటయే దోషము. తిరిగివచ్చునపుడు శ్రోతకు కథ పూర్వముకంటె చిక్కనైనచో ఆ విస్తరణము సార్థకము. విడిచినచోటనే నిలిచియున్నచో అది కేవలము కాలయాపనము.

జనగామజిల్లా మాణిక్యపురమునకు చెందిన చుక్క సత్తయ్య (మరణము 2017) ఖ్యాతికి కారణమిచ్చట విచారింపదగును. కులదైవకథలకును, పూజావిధికిని ముడిపడియున్న ఈ ప్రక్రియను ఆయన పురాణకథలకును, సాంఘికవిషయములకును విస్తరించి, సామాన్యవేదికలపైకి తెచ్చెను. పట్నము వేసి దేవుని కల్యాణము జరుపుచోట శ్రోతలకు కథ ముందే తెలియును. దుముకు ఎంత దీర్ఘమైనను వారు దారి తప్పరు. క్రొత్తవేదికపై శ్రోతలకట్టి ఎఱుక యుండదు. అనువృత్తిభారమంతయు కథకునిపైననే పడును. ఆ భారమును మోసి కథను నిలుపుటయే సత్తయ్య ఘనత. వేదిక మాఱుట మాత్రమే గాదు.

ఇటీవల ఊరేగింపులలోను, ఉత్సవములలోను ఒగ్గుడోలు విన్యాసము కథతో నిమిత్తములేక ప్రదర్శింపబడుచున్నది. అడుగుల పొందిక కన్నులపండువే. దానిచే కళాకారులకు ఆదరము కలుగుట సంతోషకరము. కాని అచ్చట అనువర్తించుటకు పదమే లేదు. స్రోతస్సు మిగిలెను, అది మోయవలసిన యర్థము జాఱిపోయెను. రాత్రియంతయు సాగవలసిన కథను కొలదినిమిషములకు కుదించుటయు నట్టిదే: దుముకుటకు చోటున్నను తిరిగివచ్చుటకు వ్యవధి యుండదు.

కావున ఒగ్గుకథలను సేకరించువారు ఒక్కరాత్రి పాడినదానిని వ్రాసికొని, అదియే పాఠమని ముద్రించుట చాలదు. ఒకే మేళము ఒకే కథను వేర్వేఱు గ్రామములలో పాడిన తీరును, డోలుదరువులతోగూడ పదిలపఱచి, ప్రతులనువలె పోల్చవలెను. అప్పుడు మాఱనిది కథాసూత్రముగను, మాఱినది కథకుని ప్రతిభగను తేలును. ఆ మేళములలోని వృద్ధులు జీవించియుండగనే యీ పని జరుగవలసియున్నది.