వేలి కొసన మూడు మిల్లీమీటర్లు

వేలు దిగుతుంది. దిగే దారిలో నడిమధ్య సన్నని మిట్ట ఒకటి తగిలి, తగిలినంతలోనే కరిగిపోతుంది. కీ ఇంకా అడుగు ముట్టనే లేదు, తెరమీద అక్షరం అప్పుడే విచ్చుకుంది! ఆ తగలడానికీ ఈ విచ్చుకోవడానికీ మధ్యనున్న లిప్తపాటు సుఖం ఎంతని చెప్పను! లో-ప్రొఫైల్ మెకానికల్ కీబోర్డు అందమంతా అక్కడే కాపురముంటుంది. పొట్టి కాయం, నాజూకు నడక, తేట పలుకు. కైల్ చాక్ స్విచ్చునే చూడండి. దాని మొత్తం ప్రయాణం మూడు మిల్లీమీటర్లు. అందులో ఒకటిన్నర దగ్గరే మాట వినేస్తుంది. మిగిలిన ఒకటిన్నర, వేలు తీరుబడిగా వాలడానికి. పొద్దస్తమానం తెలుగు రాసుకునే వాళ్లకు ఇంతకంటే మర్యాద తెలిసిన పనిముట్టు నాకు తారసపడలేదు.

రబ్బరు బుడగల మీద నిలబడ్డ మామూలు ఆఫీసు కీబోర్డు అడుగుదాకా అదిమితే తప్ప పలకదు. ఆ మెత్తదనంలో ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వేలికి ఆనవాలు చిక్కదు. ల్యాప్‌టాప్ కీ తాకీ తాకగానే నేల. పూర్తి ఎత్తు మెకానికల్ కీబోర్డు సంగతి వేరు, దాని గాంభీర్యానికి చేతులెత్తి మొక్కుతాను. 1980లలో జర్మనీలోని చెర్రీ సంస్థ తెచ్చిన ఎంఎక్స్ స్విచ్చు నాలుగు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. అయితే ఆ ఎత్తును అందుకోవాలంటే మణికట్టు పైకి విరగాలి, లేదా దానికింద ఒక మెత్త పెట్టుకోవాలి. అదే చెర్రీ 2018లో పొట్టి స్విచ్చు చేసినప్పుడు 18.5 మిల్లీమీటర్ల నిలువును 11.9కి దించింది. ఆ ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గేసరికి ఏమవుతుందో అనుభవించి చూడాలి! మణికట్టు తనంతట తానే బల్లమీద వాలుతుంది. భుజం జారుతుంది. మెడ తన ఉనికి మరిచిపోతుంది. వాక్యం ఎంత పొడుగు సాగినా ఊపిరి తెగదు.

ఇక తెలుగు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో రాసేవాళ్లకే తెలిసిన రహస్యమైన ఆనందం ఒకటుంది. హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి, గుణింతపు గుర్తులు ఎడమచేతికి పంచి ఇచ్చారు. మ, న, వ లాంటి కొన్ని మాత్రం ఎడమకు వచ్చాయి. పొల్లు గుర్తు ఎడమచేతి నడిమి వేలు ఊరికే వాలి ఉండే చోటే ఉంది. అందుకని ‘స్త్రీ’ అని కొట్టండి. స కుడి, పొల్లు ఎడమ, త కుడి, పొల్లు ఎడమ, ర కుడి, దీర్ఘం ఎడమ. ఒక్క అక్షరానికి ఆరు తాకిళ్లు, ఒక్కటి తప్పకుండా అటూ ఇటూ! తెరమీద ఆ ముక్కలన్నీ దగ్గరికి జరిగి, ఒత్తులు కిందికి దిగి, గుడిదీర్ఘం పైకెక్కి, చివరికి ఒకే ఒక అక్షరంగా నిలబడే ఆ క్షణం! ఏళ్ల తరబడి చూస్తున్నా నాకు తనివి తీరదు.

ఈ ముచ్చట పోచంపల్లిలో కూర్చుని చెబుతున్నాను. ఇక్కడ ఏ వాడలోకి పోయినా గుంట మగ్గం చప్పుడు వినబడుతుంది. పడుగు తెరుచుకోగానే నాడె కుడినుంచి ఎడమకు దూకుతుంది, ఎడమనుంచి కుడికి వస్తుంది. దూకిన ప్రతిసారీ బట్ట ఒక్క పోగు పెరుగుతుంది. ‘పోచంపల్లి’ అని ఇన్‌స్క్రిప్ట్‌లో కొడితే తొమ్మిది నొక్కులు. ఒక్కచోట కుడిచెయ్యి రెండుసార్లు ఆగుతుంది తప్ప, మిగతా అంతా ఆ నాడె నడకే. ఊరిపేరు ఊరి పనిలాగే నడుస్తుందని మొదటిసారి వేళ్లకు తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది!

వేలికి ఒక మిల్లీమీటరు తగ్గితే ఏమొస్తుందని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. నూలుకు చిటికి ముడులు కట్టి రంగులద్దే ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీర నూలుకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి, రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మమ్మ భుజం ఆ తిరుగుడుకే అరిగింది. ఆ నొప్పి చూడలేక కొడుకు చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1999లో ఆసు యంత్రం తయారుచేసి, తల్లిపేరే దానికి పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. చిన్న కదలిక వేలసార్లు జరిగితే ఒంట్లో ఎంత బరువై కూర్చుంటుందో ఈ పల్లెలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! వేలి సుఖాన్ని విలాసమని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

కొనేముందు తేల్చుకోవలసింది స్విచ్చు సంగతి. ఎర్రవి నున్నగా జారిపోతాయి. పరుగు ఇష్టపడేవాళ్లు వాటిని మెచ్చుకుంటారు. నీలివి టకటకమని గట్టిగా పలుకుతాయి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవాళ్ల కళ్లు ఆ మోత వింటే మెరుస్తాయి. అయితే రాత్రిపూట పక్కన ఇంకొకరు పడుకున్న ఇంట్లో అవి పనికిరావు. నా మనసు గోధుమ రంగు స్విచ్చు మీద. ఆ నడిమి మిట్ట ఉందే, అది వేలికి అవునని చెబుతుంది! పొల్లు పడిందా లేదా అని తెరవైపు తొంగిచూసే అవసరం ఉండదు. ఒక్క పొల్లు జారితే ‘పల్లి’ కాస్తా ‘పలలి’ అవుతుంది కదా. తెలుగుకు ఆ మిట్ట అలంకారం కాదు, ఆధారం.

స్ప్రింగు మాత్రం తేలికగా ఉండాలి. ఎందుకంటారా? ఈ ఊరి కథ రాసేవాళ్లెవరైనా భూదానోద్యమం మొదలైన 1951 ఏప్రిల్ 18 దగ్గర ఆగాలి, వినోబా భావే ఎదుట నూరెకరాలిస్తానన్న వెదిరె రామచంద్రారెడ్డి పేరు రాయాలి. ఆ పేరు చివరి ‘డ్డి’ దగ్గర డ కోసం కుడి చిటికెనవేలు పక్కకు చాచుకుని రెండుసార్లు నొక్కాలి, మధ్యలో ఎడమచెయ్యి పొల్లు పెట్టాలి. వేళ్లన్నిటిలో బలహీనమైనది చిటికెనవేలే. స్ప్రింగు బరువైతే పేజీ తిరిగేసరికి ఆ చిటికెనవేలు మొరాయిస్తుంది. తేలికైతే ఆ ద్విత్వం ఎంత ఠీవిగా పడుతుందో! పేరుకు తగ్గ బరువు కాగితం మీదే ఉంటుంది, వేలి మీద ఉండదు.

కీక్యాపుల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఏబీఎస్ ప్లాస్టిక్ కొన్నాళ్లకు జిడ్డు మెరుపెక్కి జారుతుంది. పీబీటీ గరుకు గరుకుగా, పొడిగా, మొదటిరోజు తాకినట్టే చాలాకాలం ఉంటుంది. ఈ కీక్యాపుల మీద సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు, ఇంగ్లీషే. స్టిక్కర్లు అంటించుకోవచ్చుగానీ ఆ గరుకు స్పర్శను కాగితం ముక్కతో కప్పడానికి నాకు చేతులు రావు. వేళ్లు దారి నేర్చుకున్నాక కీమీద ఏముందో ఎవరు చూస్తారు!

ఇక బజారులో దొరికేవాటిలో లాజిటెక్ ఎంఎక్స్ మెకానికల్ నెమ్మదైనది, ఆఫీసు బల్లమీద ఎవరినీ నొప్పించదు. కీక్రాన్ కె3 పలచన, సంచిలో పుస్తకం పక్కన ఇట్టే ఇమిడిపోతుంది. లోఫ్రీ ఫ్లో లోహపు ఒంటితో నిండుగా మోగుతుంది, విన్నకొద్దీ వినాలనిపిస్తుంది. నా ఓటు నూఫీ ఎయిర్75కు. గుండ్రంగా కొద్దిగా లోతున్న ఆ పీబీటీ కీక్యాపు వేలి కొసను దగ్గరికి తీసుకున్న తీరు ఇంకెక్కడా చూడలేదు. విస్టీరియా స్విచ్చుతో తీసుకుంటే మిట్ట స్పష్టంగా తగులుతుంది. దేన్ని ఎంచుకున్నా, పెట్టె విప్పగానే ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని ముందు ‘స్త్రీ’, తరువాత ‘రామచంద్రారెడ్డి’ నాలుగైదు సార్లు కొట్టి చూడండి. పొల్లు వేలికి తెలియాలి, చిటికెనవేలు అలిసిపోకూడదు. ఆ రెండూ కుదిరితే దాన్ని ఉంచుకోండి, లేకపోతే గడువులోపే వాపసు చేసేయండి.