ఫోన్ ముందు పరిచిన పట్టు

పెళ్ళిచీరల కోసం ధర్మవరం వచ్చేవాళ్ళ పద్ధతి ఒకటుంది. నలుగురైదుగురు కలిసి రైలు దిగుతారు. కొట్లో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, అంచు వేళ్ళ మధ్య నలిపి, కొంగు విప్పించి, గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో చూసి, బేరమాడి, అప్పుడు మూట కట్టించుకుంటారు. ఇందులో కళ్ళు చేసే పని సగమే, మిగతా సగం వేళ్ళది. ఆ వేళ్ళు కరీంనగర్‌లోనో డాలస్‌లోనో ఉంటే చీర అమ్మేదెలా? ధర్మవరం కొట్లవాళ్ళు, మగ్గాల ఇళ్ళవాళ్ళు ఫోన్ చేతబట్టి దీనికి ఒక దారి వెతుక్కున్నారు. అదీ నేతపనిలాగే దగ్గరికెళ్ళి చూడాల్సిన పనితనమే.

ధర్మవరం ఉన్నది అనంతపురం పీఠభూమిలో. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన దక్కే ఆ నేలలో వేరుశనగను నమ్ముకున్న ఇంటికి ఏ ఏడు ఏమవుతుందో తెలియదు. మగ్గానికి వాన అక్కర్లేదు గానీ కొనేవాళ్ళు కావాలి. (2022 ఏప్రిల్‌లో ధర్మవరం అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. నేల మాత్రం అదే.) 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది, అదే ఏడాది యూపీఐ మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో కొట్లు మూతపడి చీరలు బీరువాల్లో ఉండిపోయినప్పుడు, అప్పటిదాకా కొందరే చేస్తున్న ఫోన్ అమ్మకం చాలామందికి ఉన్న ఒక్క దారి అయింది.

ధర్మవరం చీరకు పేరు తెచ్చినవి వెడల్పాటి అంచు, జరీ నిండిన కొంగు, రెండు రంగుల మెరుపు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తారు కాబట్టి చీర కదిలితే రంగు మారుతుంది. ఫోన్ కెమెరాకు అసలు పరీక్ష ఇక్కడే. ఎదుట జరీ మెరిస్తే కెమెరా తనంతట తానే వెలుతురు తగ్గించేసుకుంటుంది, వంకాయరంగు నల్లబడిపోతుంది. ట్యూబ్‌లైటు కింద నెమలికంఠం ఉత్త నీలంగా తేలుతుంది. చేయి తిరిగిన అమ్మకందారు ఏం చేస్తాడో గమనించండి. ముందు చీరను కదలనివ్వడు, రెండు క్షణాలు కెమెరాను కుదురుకోనిస్తాడు. ఆ తర్వాత అంచుకు దూరంగా ఒళ్ళు భాగంలో ఒక మడత పైకెత్తి, మెల్లగా వంచుతాడు. ఒక వాలులో పచ్చ, ఇంకో వాలులో కనకాంబరం. ‘ఫోన్లో కొంచెం లైట్‌గా పడతాండాదక్కా, చేతికొచ్చినాక ఇంకా డార్క్ ఉంటాది’ అని నోటితో దిద్దుతాడు. మెంతిరంగు, ఉల్లిపొర, చిలకపచ్చ అని వరసగా చెప్పే పేర్లూ ఆ దిద్దుబాటులో భాగమే. కెమెరా తప్పు చూపించినా, ఉల్లిపొర అనగానే కొనే ఆవిడ కళ్ళముందు అసలు రంగు కదులుతుంది.

నిలువు తెరలో ఐదున్నర మీటర్ల చీర పట్టదు. అందుకే కొంగుతో మొదలెట్టి, అంచు వెంబడి అరచేతిని జరుపుకుంటూ పోతారు. అంచు ఎంత వెడల్పో ఆ చేతిని బట్టి తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది చీరను తిరగేయడం. వెనకవైపు జరీ పోగులు, బుటాల దారాలు చూపించాక దాచడానికేమీ మిగలదు. పవర్‌లూమ్ చీరను ధర్మవరం చేనేత పేరుతో అంటగట్టేవాళ్ళున్న బజారులో, వెనకవైపు చూపించి, పట్టు అసలుదేనని తెలిపే సిల్క్ మార్కు చీటీ కెమెరాకు పట్టి, ధర నోరారా చెప్పేవాళ్ళకు నేను పెద్దపీట వేస్తాను. ధర అడిగితే ‘మెసేజ్ పెట్టండి’ అనేవాళ్ళ వీడియో ఎంత అందంగా ఉన్నా నాకు వెలితిగానే తోస్తుంది.

ఫోన్‌లో అమ్మడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఫిలిప్పీన్స్‌లో ఇదే పని ఇంకో దారిలో సాగింది. అక్కడి జనం ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ పొద్దు గడుపుతారు. లైవ్ వీడియోలో వస్తువు చూపించగానే ‘మైన్’ (నాదే) అని కామెంట్ పెట్టినవాళ్ళలో మొదటివాళ్ళకే అది దక్కుతుంది. ఆ పందెంలోని హుషారే అక్కడ అమ్మకాన్ని నడిపిస్తుంది. జీతాలు నెలలో రెండుసార్లు పడతాయి కాబట్టి 15న, నెలాఖరున తగ్గింపులు పెడతారు. క్రిస్మస్ సందడి సెప్టెంబరులోనే మొదలవుతుంది. పట్టుచీరకు ఆ తొందర పనికిరాదు. మన ఇళ్ళలో ఆ చీర ఒక్కరే కొనరు. ఫొటో అమ్మకు వెళ్ళాలి, అత్తగారికి వెళ్ళాలి, ఆడపడుచు ఏమంటుందో వినాలి. అందుకే ఇక్కడ స్క్రీన్‌షాట్ రాజ్యం. ప్రతి చీర పక్కన ఒక నంబరు చీటీ పెడతారు, నచ్చినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌కి పంపమంటారు. ఆ ఒక్క బొమ్మ ఇంటిల్లిపాదినీ చుట్టి తిరిగొస్తుంది. నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలిసి పెట్టిన ఏర్పాటిది.

‘మా నంబరు సేవ్ చేసుకోండి’ అని వీడియో చివర చెప్పేది మర్యాదకు కాదు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది హద్దు, అదీ మన నంబరు దాచుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. 2018లో ఫార్వర్డులకు ఐదు చాట్ల పరిమితి వచ్చాక ఒకే ఫొటోను గుంపులుగుంపులుగా తోయడమూ తగ్గింది. కాబట్టి యూట్యూబ్ కొత్తవాళ్ళకు, స్టేటస్ తెలిసినవాళ్ళకు, విడి చాట్ బేరానికి అని పని పంచుకున్నారు. ఇక కాలమంటారా, అది పంచాంగం చేతిలో ఉంది. ఆషాఢంలో తగ్గింపు, శ్రావణంలో వరలక్ష్మీవ్రతం, ఆపైన పెళ్ళిళ్ళు. మూఢం వచ్చిందంటే పెళ్ళిచీరల మాట పక్కనపెట్టి తక్కువ ధర చీరలు పైకి తీస్తారు. ఏ ఊరి ప్రకటనల ఏజెన్సీ అయినా ఈ లెక్క ఇక్కడికొచ్చి నేర్చుకోవాల్సిందే.

డబ్బు ముందే పంపాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు వేలకువేలు పంపడానికి చేయి ఆడదు కదా. అందుకని అడిగితే వీడియో కాల్‌లో చీర మళ్ళీ విప్పుతారు, అమెరికా వాళ్ళయితే వాళ్ళకు కుదిరే వేళ దాకా మేలుకుని మరీ. కొనేవాళ్ళకూ ఒక షరతు ఉంది: పార్సిల్ కత్తిరించే ముందునుంచీ ఆపకుండా వీడియో తీయాలి. చిరుగో మరకో ఉంటే ఆ వీడియో చూసే చీర మారుస్తారు. కట్టుకున్నాక పెళ్ళి ఫొటో ఒకటి పంపమని అడుగుతారు, ఒప్పుకుంటే స్టేటస్‌లో పెడతారు. చీర ఒంటిమీద ఎలా పడుతుందో, కుచ్చిళ్ళు ఎలా నిలుస్తాయో పరుపు మీద తీసిన ఏ వీడియోలోనూ తెలియదు. ఆ ఫొటో కింద వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇందులో వేరే రంగు ఉందా?