కుక్కకు చప్పుళ్ల బెదురు తీర్చే పద్ధతి

మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినగలిగితే కుక్క చెవి 45,000 హెర్ట్జ్ దాకా వింటుంది. మనకు చిన్నగా వినిపించే శబ్దాలను అది ఎంతో దూరం నుంచే పసిగడుతుంది. టపాసు వత్తి అంటించిన పిల్లవాడు చెవులు మూసుకుని పేలుడు కోసం ఎదురుచూస్తాడు. వాకిట్లో పడుకున్న కుక్కకు ఆ మోత ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. టపాసు పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో శబ్దం 125 డెసిబెల్స్ మించకూడదని 1999 నాటి నిబంధన చెబుతోంది. ఆ హద్దులో ఉన్న టపాసు కూడా కుక్కకు భరించరానిదే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇలాంటి మోతలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. భోగి తెల్లవారుజామున పిల్లలు మంటల చుట్టూ చేరి తోలు పలకలు వాయిస్తారు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తిరుపతి వీధులన్నీ డప్పులతో మోగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో దీపావళి టపాసులూ ఈశాన్య రుతుపవనాల ఉరుములూ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు పల్లెల్లో పొలాల మీదికొచ్చే ఏనుగులను తరమడానికి రైతులు రాత్రుళ్లు టపాసులు కాలుస్తారు. అక్కడి కాపలా కుక్కకు ఆ మోత ఏ నెలలోనైనా తప్పదు.

బెదిరిన కుక్క వణుకుతుంది, తోక కాళ్ల మధ్యకు ముడుస్తుంది, మంచం కింద దూరుతుంది, గొలుసు తెంపుకుని పారిపోతుంది. ఇవి అందరికీ కనిపించేవే. అంతకు ముందే కొన్ని చిన్న గుర్తులు ఉంటాయి. ఆకలి లేకపోయినా పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ఎండ లేకపోయినా రొప్పడం, ఇష్టమైన తిండిని కూడా ముట్టకపోవడం. శిక్షణ ఇచ్చేవారు గమనించాల్సింది ఈ తొలి గుర్తులనే.

బెదురు తీర్చే పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. 1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలును చూస్తే భయపడే మూడేళ్ల పిల్లవాడి మీద చేసిన ప్రయత్నాన్ని ప్రచురించారు. పిల్లవాడు ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి అతడే కుందేలును నిమిరాడు. 1958లో మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే ఈ మార్గాన్ని చికిత్సా పద్ధతిగా క్రమబద్ధం చేశారు. నేటి కుక్కల శిక్షణ ఆ దారిలోనే నడుస్తోంది. భయపెట్టేదాన్ని భయం పుట్టనంత చిన్న మోతాదులో ఇవ్వాలి, దాని వెంటే మేలైనది అందాలి.

పలక చప్పుడునే తీసుకుంటే, ముందు దాన్ని ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఇల్లు ప్రశాంతంగా ఉన్న వేళ చూసి వినీవినిపించనంత సన్నగా పెట్టాలి. కుక్క ఒక చెవి తిప్పి, మళ్లీ తన పనిలో పడితే ఆ స్థాయి సరిపోయినట్టే. చప్పుడు వినిపించిన క్షణం తర్వాత ఉడికించిన కోడి కాలేయం ముక్క అందించాలి. చప్పుడు ఆగితే ముక్కలూ ఆగాలి. ఈ వరుస తప్పకూడదు. ముందు తిండి చూపి తర్వాత చప్పుడు చేస్తే, తిండే రాబోయే ప్రమాదానికి గుర్తుగా మారి కుక్క కాలేయాన్ని కూడా అనుమానిస్తుంది. ఒక్కో విడత ఐదు నిమిషాలు చాలు. చప్పుడు వినగానే కుక్క ముక్క కోసం యజమాని ముఖం వైపు చూడటం మొదలుపెట్టాకే శబ్దాన్ని ఒక మెట్టు పెంచాలి. పెదవులు నాక్కున్నా, ముక్క వదిలేసినా వెంటనే రెండు మెట్లు దిగాలి.

రికార్డింగుకు ఒక హద్దు ఉంది. పలక మోతలోని అదురును, ఉరుముకు నేల కంపించడాన్ని ఫోను స్పీకరు ఇవ్వలేదు. అందుకే తర్వాత అసలు వాయిద్యం కావాలి. తోలు పలకను మంట దగ్గర కాచకముందు మొద్దుగా మోగుతుంది, కాచి బిగిశాక మోత పదునెక్కుతుంది. కాచని పలకను వీధి చివర ఒకరు వేళ్లతో మెల్లగా తట్టడం దగ్గర మొదలుపెట్టి, రోజులు గడిచే కొద్దీ దగ్గరికి తెచ్చి, చివరికి కాచిన పలకను పుల్లతో కొట్టడం దాకా రావచ్చు. జాతరలో చప్పుడుతో పాటు వేషాలు కూడా ఎదురవుతాయి. ముఖానికి రంగులు పూసుకున్న మనిషి కుక్కకు వేరే భయం. రెండింటినీ విడివిడిగా అలవాటు చేసి, తర్వాతే కలపాలి. పోలీసు జాగిలాలకు కూడా తుపాకీ చప్పుడును మొదట దూరం నుంచే, ఆటలో ఉన్నప్పుడే వినిపిస్తారు.

"కుక్కను మోతల నడిమధ్యలో కట్టేస్తే అదే అలవాటవుతుంది" అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. అది చాలా హాని చేసే మాట. అలా కట్టేసిన కుక్క కాసేపటికి కదలకుండా పడుకుంటే ధైర్యం వచ్చినట్టు కాదు, తప్పించుకునే దారి లేదని చేతులెత్తేసినట్టు. ఆ తర్వాత అంతకన్నా చిన్న చప్పుడుకే బెదురుతుంది.

కుక్కపిల్లలకు మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కొత్తవాటిని తేలిగ్గా స్వీకరించే వయసు. ఆ రోజుల్లో గిన్నెల చప్పుడు, మిక్సీ, మోటారుబైకు, దూరపు డప్పు మెల్లమెల్లగా వినిపిస్తే తర్వాత శ్రమ చాలా తగ్గుతుంది. పెద్ద కుక్కకు వారాలు, నెలలు పడుతుంది. దీపావళికి సిద్ధం చేయాలంటే జాతర ముగిసిన వెంటనే, జూన్‌లోనే మొదలుపెట్టడం మంచిది.

శిక్షణ పూర్తికాకముందే పండుగ వచ్చేస్తే కుక్కను కాపాడుకోవడమే పని. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే అనుమతి ఇచ్చినా, మోత ఆ వేళకు ముందూ వెనకా సాగుతుంది. పొద్దు వాలకముందే బయట తిప్పుకొచ్చి, అన్నం పెట్టి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో పెట్టాలి. అది మూలలో దాక్కుంటే బయటికి లాగకూడదు. ఒడిలోకి వస్తే నిమరవచ్చు. నిమిరితే భయం పెరుగుతుందనే మాటలో నిజం లేదు. మందు అవసరమైతే పశువైద్యుడే రాయాలి. మత్తు మాత్రమే ఇచ్చే మందు ఒంటిని కదలనివ్వదు గానీ లోపలి భయాన్ని తీయదు. మనుషుల నిద్రమాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. వీధి కుక్కల కోసం ఆ రాత్రి మెట్ల కిందో, షెడ్డులోనో కాస్త చోటు వదిలితే చాలు.

ఇన్నేళ్లూ చప్పుళ్లను లెక్కచేయని ముసలి కుక్క ఒక్కసారిగా బెదరడం మొదలుపెడితే కీళ్ల నొప్పి కారణం కావచ్చు. మోతకు ఉలిక్కిపడినప్పుడల్లా కండరాలు బిగిసి నొప్పి లేస్తుంది, దాంతో చప్పుడే నొప్పికి గుర్తయిపోతుంది. అలాంటి కుక్కను ముందు పశువైద్యుడికి చూపించాలి. తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రులున్నాయి. నొప్పికి చికిత్స జరిగాకే పలక చేతికి తీసుకోండి.