విలాపం లోపమా? బ్రీఫ్ ఆర్‌కోప్ కొలమానంపై ఒక పరిశీలన

హెచ్.ఐ.వి.తో జీవించే స్త్రీల మానసిక ఆరోగ్యానికీ భక్తికీ గల సంబంధాన్ని పరిశోధించేవారు తరచుగా వాడే సాధనం, కెన్నెత్ పార్గమెంట్ బృందం రూపొందించిన ‘బ్రీఫ్ ఆర్‌కోప్’. ఇందులో 14 వాక్యాలున్నాయి. దేవుని ఆశ్రయించుటను తెలిపే 7 ‘అనుకూల’ వర్గం. దేవుడు శిక్షిస్తున్నాడు, చెయ్యి విడిచాడు, సంఘం వదిలేసింది అన్నట్టి తలంపులు తెలిపే 7 ‘ప్రతికూల’ వర్గం. రెండో వర్గంలో మార్కులు పెరిగినకొద్దీ కుంగుబాటు ఎక్కువగా కనబడుతుందని అనేక అధ్యయనాలు తెలిపాయి. గెయిల్ ఐరన్‌సన్ బృందం 2011లో అమెరికా నుండి ప్రచురించిన అధ్యయనం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. దేవుణ్ణి శిక్షించేవానిగా తలంచినవారిలో 4 సంవత్సరాల కాలంలో వ్యాధి వేగంగా ముదిరిందట. ఇది కారణానికి రుజువు కాదు గాని, ప్రసంగ వేదిక ఎక్కేవారికి భయం పుట్టించవలసిన సంగతే.

నా పేచీ ‘ప్రతికూల’ అనే మాటతో. యోబును, 88వ కీర్తనకారుని ఈ వాక్యాల ముందు కూర్చోబెడితే ఇద్దరూ అందులోనే పడతారు. ఆ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే. పార్గమెంట్ కూడా వీటిని ఆత్మీయ పోరాటాలని పిలిచి, ఎదుగుదలకు దారితీయవచ్చునన్నాడు. మార్కులలో ఆ తేడా కనబడదు.

మరోవైపు, స్వస్థత సభలో సాక్ష్యం చెప్పి మాత్రలు మానేసిన స్త్రీకి ‘అనుకూల’ మార్కులు నిండుగా రావచ్చు. అద్భుతం కోసం బతిమాలుకొనుట 2000లో వచ్చిన పూర్తి ఆర్‌కోప్‌లో ఉంది, ఈ సంక్షిప్త రూపంలో లేదు.

సంఘం వదిలేసిందన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఏ.ఆర్.టి. మొదలైన కొద్దికాలానికి, సిద్దిపేట దగ్గరి ఒక పల్లెలో బీడీలు చుట్టి బ్రతికే ఒక విధవరాలికి ప్రభు భోజనపు పాత్ర చివరన ఇమ్మని పెద్దలు అడిగారు. పాత్ర ద్వారా హెచ్.ఐ.వి. సోకదని తెలిసి కూడా నేను ఒప్పుకున్నాను. ఆమె ఆ వాక్యానికి అవునని గుర్తు పెడితే, అది ఆమె మనస్సులోని లోపమా, మేము చేసిన తీర్మానమా? కొలమానం ఆమెనే కొలుస్తుంది, మమ్మును కొలవదు.

కనుక బి.డి. విద్యార్థులు దీనిని తెలుగు చేసి వాడదలిస్తే, ఆ వాక్యం దగ్గర పెన్ను పక్కనపెట్టి ఏమి జరిగిందో ఆమెను చెప్పనివ్వాలి. ఆ సంఘానికి నేను ఇప్పుడు వెళ్లినా ఆమె బల్ల దగ్గరకు చివరనే వస్తుంది. ముందుకు రమ్మని చాలాసార్లు పిలిచాను.