మెదడు చెప్పే సాక్ష్యం

మెదడు శాస్త్రం పెరుగుతూంటే భయపడేవారిలో నేనొకణ్ణి కాను. మూర్ఛకూ పక్షవాతానికీ దారి చూపే శాస్త్రాన్ని అభ్యుదయవాదులు ఆహ్వానించవలసిందే. అయితే అది ఆస్పత్రి గడప దాటి పోలీసుఠాణాలో అడుగుపెట్టినప్పుడు, ఎవరి చేతిలో వుండి ఎవరి తలమీద పనిచేస్తున్నదని అడగక తప్పదు.

మన దేశంలో యిది వూహాప్రశ్న కాదు. నిందితుల తలకు ఎలక్ట్రోడులు అమర్చి, నేరాన్ని గురించిన మాటలు వినిపించి, మెదడులో పుట్టే విద్యుత్తరంగాలను నమోదుచేసే పరీక్షను 2008లో పుణే సెషన్సు కోర్టు వొక హత్యకేసులో సాక్ష్యాలలో వొకటిగా అంగీకరించింది. 2010 మే 5న సుప్రీంకోర్టు, సెల్వి కేసులో, యిటువంటి పరీక్షనూ, పాలీగ్రాఫునూ, నార్కో పరీక్షనూ మనిషి సమ్మతి లేకుండా జరపరాదని తీర్పు చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కావలసిందని నిందితుణ్ణి బలవంతపెట్టరాదనే రాజ్యాంగం 20(3) అధికరణం దానికి వొక ఆధారం.

ఎరిగిన సంగతి ఎదురైతే మెదడు స్పందించడం నిజమే. కాని ఎరగడం వేరు, చెయ్యడం వేరు. హత్య చేసినవాడూ, చూసినవాడూ, ఠాణాలో ప్రశ్నల రూపంలో ఆ హత్యను పదిసార్లు విన్నవాడూ – ముగ్గురూ ఎరిగినవాళ్ళే.

ఇక పాలీగ్రాఫు కొలిచేది గుండెవేగం, రక్తపుపోటు, వూపిరి, చెమట. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్యను ఆ యంత్రం ముందు కూర్చోబెట్టి చూడండి. ఇంటా బయటా అందరికీ జంకే ఆ చిరుద్యోగి, నిజమే చెప్పినా వొణుకుతూ చెబుతాడు. ఆ వొణుకును యంత్రం అబద్ధం కింద జమకడుతుంది. రచయిత మాత్రం సుబ్బయ్య మనసులోకి అంత లోతుగా దిగి కూడా, ఆ భయానికి మూలాన్ని అతని చుట్టూవున్న మనుషులలో, డబ్బులో, అధికారంలో చూపించాడని నా అభిప్రాయం. యంత్రం లెక్కలోకి రానిది సరిగ్గా అదే.

సుప్రీంకోర్టు సమ్మతి అనే తలుపును తెరిచే వుంచింది. ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదుచెయ్యాలనీ, నిందితుడికి న్యాయవాది అందుబాటులో వుండాలనీ నియమం. మంచిదే. కాని వకీలు ఫీజు యిచ్చుకోలేని కూలివాడు, తిరిగి అదే ఠాణాకు పోవలసివస్తుందేమోనని భయపడుతూ చెప్పే “సరే”ను స్వేచ్ఛ అందామా? “వొప్పుకోకపోతే ఏదో దాస్తున్నట్టే” అనే మాటను మన తరగతి గదుల్లోనే వింటున్నాం. ముందు అక్కడ దాన్ని ఎదిరించాలి. మౌనంగా వుండే హక్కు పెద్దవకీళ్ళున్న వాళ్ళకు ఎంత వున్నదో ఆ కూలివాడికీ అంతే వుండాలి.