గలీబు గౌను

కుట్టుపని అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా గౌను కుట్టేయగల కిటుకు ఒకటుంది: దిండు గలీబు. అమెరికాలోని మిషిగన్‌లో రేచల్ ఓనీల్ 2008లో మొదలుపెట్టిన ‘లిటిల్ డ్రెసెస్ ఫర్ ఆఫ్రికా’ అనే సేవాసంస్థ కోసం ఆడవాళ్లు జట్లుగా కూర్చుని కుట్టేది ఇలాంటి గలీబు గౌన్లనే.

గలీబులో సగం పని ముందే అయిపోయి ఉంటుంది. పక్క కుట్లు ఉన్నాయి, కింది అంచు మడత ఉంది. మూసి ఉన్న కొసను కత్తిరించేసి, రెండు మూలల్లో చంకల కోసం ఇంగ్లీషు ‘జె’ ఆకారంలో గుడ్డ తీస్తారు. ఆ కోతకు క్రాసు పట్టీ వేస్తారు. మెడ దగ్గర ముందూ వెనకా మడిచి కుట్టి, ఆ మడతలోంచి రిబ్బను దూర్చి భుజాల మీద ముడేస్తారు, మన లంగా బొందులాగే. పిల్ల ఒళ్లు చేస్తే ముడి వదులు చేస్తే సరి. పొడుగు చాలనినాడు అదే పైచొక్కా.

నాకు ముచ్చటేసేది మాత్రం జేబు. లేకపోయినా ఎవరూ అడగరు. అయినా రంగు కలిసే ముక్క వెతికి, మూలలు రెండేసిసార్లు కుట్టి మరీ అతికిస్తారు. కొందరు అందులో బుల్లి గుడ్డబొమ్మను కూడా దాస్తారు.

ఆఫ్రికాకు ఇలా ఊరికే వచ్చే బట్టలు అక్కడి దర్జీల పొట్ట కొడతాయేమోనన్న సందేహం సబబే. కానీ మాసిన పాతబట్టలు మూటగట్టి వదిలించుకునే దానం కాదిది.

మగపిల్లల్నీ మరిచిపోలేదు. టీషర్టులు కోసి నిక్కర్లు కుడుతున్నారు. నడుముకు ఎలాస్టిక్ ఒక్కటే కొనుక్కోవాలి.