ప్యాకేజీ సాధనములు: గుణదోష విచారణ

లినక్సు సర్వరులలో ప్రోగ్రాములను ప్యాకేజీల రూపమున అమర్చుదురు. ప్యాకేజీ అనగా ఒక ప్రోగ్రాము ఫైళ్లను, అది పనిచేయుటకు వలసిన ఇతర ప్యాకేజీల పట్టికను చేర్చి కట్టిన మూట. పాత మూట స్థానమున కొత్తదానిని అమర్చుటకు డెబియన్‌లో ఆప్ట్, ఫెడోరాలో డి.ఎన్.ఎఫ్. అను సాధనములు గలవు.

వీని వలని మేలు స్వల్పమైనది కాదు. 1999లో డెబియన్ 2.1తో ఆప్ట్ వాడుకలోనికి వచ్చినది. కోరిన ప్యాకేజీకి వలసినవానిని, వానికి మరల వలసినవానిని వెదకి తెచ్చు భారమును సాధనమే వహించెను. ఇది సులభమైన లెక్క కాదు. ఏ కూర్పులు ఒకదానితో నొకటి పొసగునో తేల్చుట ఎన్.పి. సంపూర్ణ సమస్య అని నిరూపింపబడినది. అనగా ప్రతి సందర్భమునందును త్వరగా జవాబు తేల్చు పద్ధతి ఇంతవరకు తెలియదు. అట్టి చిక్కులెక్కను సాధారణముగా క్షణములలో తేల్చు సాధనమును మెచ్చుకొనవలసినదే.

మరి లోపమెచ్చట నున్నది? పని ముగిసినదని సాధనము చెప్పుటకును, నిజముగా ముగియుటకును నడుమ నున్నది.

పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను భాగమును లైబ్రరీ అందురు. నడచుచున్న ప్రోగ్రాము దానిని ముందే మెమరీలోనికి తెచ్చుకొనియుండును. డిస్కుపై కొత్త లైబ్రరీ చేరినను, ప్రోగ్రామును ఆపి మరల ప్రారంభించువరకు అది పాతదానినే వాడును. 2014 ఏప్రిల్ 7న ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. లైబ్రరీలోని హార్ట్‌బ్లీడ్ దోషము వెల్లడియైనది. దాని మూలమున సర్వరు మెమరీలోని రహస్యములను పరులు చదువవచ్చును. సవరించిన కూర్పు ఆ దినముననే వెలువడెను. దానిని అమర్చియు సేవలను మరల ప్రారంభింపని సర్వరు, పట్టికలో కొత్త కూర్పును చూపుచునే పాత దోషముతో నడచుచుండును. కొత్త తాళము కొని గూటిలో నుంచి, తలుపునకు పాత తాళమునే వేసినట్లు!

అమరిక ఫైళ్ల విషయమునను ఇట్టి చిక్కే గలదు. నిర్వాహకుడు మార్చుకొనిన ఫైలునకు కొత్త ప్యాకేజీలో వేరొక రూపము వచ్చినచో, డెబియన్ సాధనము నడుమ ఆగి ఏది ఉంచవలెనని అడుగును. దగ్గర మనిషి లేనిచో పని నిలిచిపోవును. ఫెడోరా వాడు ఆర్.పి.ఎం. అడుగదు; ఒకదానిని అమలులో నుంచి, రెండవదానిని వేరొక పేరుతో ప్రక్కన పెట్టును. ఆ సంగతి తెలుపు పంక్తి వందల పంక్తులలో కలిసిపోవును.

పాత లైబ్రరీతో నడచు సేవలను గుర్తించు నీడ్‌రీస్టార్ట్ వంటి ప్రోగ్రాములు లేకపోలేదు. కాని అవి వేరు ప్యాకేజీలు. ఏ సేవ పాతదానితో నడచుచున్నది, ఏ ఫైలు నిర్ణయమునకై వేచియున్నది అను రెండు సంగతులను మూల సాధనమే చివరి పంక్తులలో స్పష్టముగా చెప్పవలెను. అంతవరకు నిర్వాహకుడు అమర్చినది వేరు, నడచుచున్నది వేరు అని గుర్తుంచుకొని, రెంటిని స్వయముగా సరిచూచుకొనుటయే మార్గము.